వేడెక్కని ఇంజను

ఇంజనులో ఆయిల్ పోసే మూత విప్పి, దాని లోపలి వైపు చూడగానే ఆ యువకుని ముఖం పాలిపోయింది. కవ్వానికి అంటుకున్న వెన్నలాగా, పసుపు కలిసిన తెల్లని ముద్ద ఆ మూతకు దట్టంగా పట్టి ఉన్నది. ఆయిల్లో నీళ్ళు కలిస్తేనే అలా అవుతుందని అతడు విని ఉన్నాడు. నీళ్ళు కలిశాయంటే హెడ్ గాస్కెట్ పోయిందనే అర్థమనీ, ఇంజను విప్పక తప్పదనీ కూడా విన్నాడు. ఏళ్ళ తరబడి జీతంలో మిగిల్చి కొన్న రెండు సీట్ల స్పోర్ట్స్ కారు అది. ఇంకా రెండేళ్ళయినా నిండలేదు.

బెంగళూరులో డిసెంబరు నెల ఉదయం. హిందూపురం ప్రాంతం నుంచి ఏనాడో వచ్చి అక్కడే స్థిరపడిన ఒక పెద్ద వయసు మెకానిక్కు దగ్గరకు అతడు కారును నడిపించుకొని వెళ్ళాడు. ఆ వృద్ధుడు తొందరపడలేదు. రేడియేటరులో నీటి మట్టం చూశాడు. తగ్గలేదు. పొగ గొట్టం దగ్గర నిలబడి కొంతసేపు గమనించాడు. తేడా ఏమీ కనిపించలేదు. చివరికి కారు ముందు భాగంలో వంగి చూసి, వేలితో చూపుతూ అడిగాడు.

"ఇదేమిటి సార్?"

"ఆయిల్ కూలరు. రేసు ట్రాకు మీద నడపడానికి పెట్టించాను."

"ట్రాకుకు ఎన్నాళ్ళకొకసారి పోతారు?"

"రెండు మూడు నెలలకొకసారి."

"మిగిలిన రోజులు?"

"ఇంటి నుంచి ఆఫీసుకు. ఆరు కిలోమీటర్లు."

వృద్ధుడు నవ్వలేదు. మూలనున్న అట్టపెట్టెలో ఒక ముక్క కత్తిరించి, కూలరుకు అడ్డంగా తీగతో కట్టాడు. "ఈ వారం ఇట్లా నడపండి. ఆదివారం నాడు ఒక వంద కిలోమీటర్లు ఆగకుండా పోయి రండి. అప్పుడు మూత విప్పి చూద్దాం" అన్నాడు.

ఆ యువకుడు చేసిన పనిలో తెలివితక్కువతనం ఏమీ లేదు. బెంగళూరు–చెన్నై రహదారి పక్కన, శ్రీపెరంబుదూరు దగ్గరి ఇరుంగాట్టుకోట్టైలో 1990 నుంచి నడుస్తున్న రేసు ట్రాకు ఉన్నది. అక్కడ ఇరవై నిమిషాలు ఏకధాటిగా పరుగెత్తించినప్పుడు అతని కారులోని ఆయిల్ వేడి 130 డిగ్రీలు దాటిపోయింది. అంత వేడిలో ఆయిల్ పలచబడుతుంది, త్వరగా చెడిపోతుంది, బేరింగుల మధ్య నిలవవలసిన పొర తెగిపోయే ప్రమాదం ఏర్పడుతుంది. అందుకని అతడు పెద్ద కూలరు పెట్టించాడు. వేడిని చూపే మీటరు కూడా అమర్చాడు. ఆ తర్వాత ఆఫీసుకు వెళ్ళేటప్పుడు ముల్లు 65 దగ్గరే నిలిచిపోవడం చూసి, ఇంజను ఎంత చల్లగా, ఎంత సుఖంగా ఉన్నదో అనుకొని సంతోషించేవాడు.

పొరపాటు ఆ సంతోషంలోనే ఉన్నది. వేడి ఎక్కువైతే ఇంజనుకు చేటు అన్నది అందరికీ తెలిసిందే. వేడి చాలకపోయినా చేటేనన్న సంగతి అంతగా ప్రచారంలో లేదు. ఒక లీటరు పెట్రోలు మండితే సుమారు ఒక లీటరు నీరు పుడుతుంది. అందులో చాలా భాగం ఆవిరిగా పొగ గొట్టం నుంచి పోయినా, కొద్దిపాటి ఆవిరి పిస్టను రింగుల సందుల నుంచి కిందికి దిగి ఆయిల్లో చేరుతుంది. ఇంజను చల్లగా ఉన్నప్పుడు పూర్తిగా మండని పెట్రోలు కూడా అదే దారి పడుతుంది. ఆయిల్ 90, 100 డిగ్రీల దాకా వేడెక్కి కొంతసేపు అలాగే నిలిస్తే ఈ నీరూ పెట్రోలూ ఆవిరై బయటపడతాయి. లేకపోతే అక్కడే పేరుకుంటాయి. మూతకు పట్టిన ఆ వెన్నముద్ద, బయటపడడానికి దారి దొరకని నీరే. అదీగాక, మామూలు ఇంజను ఆయిల్ 40 డిగ్రీల దగ్గర ఎంత చిక్కగా ఉంటుందో, 100 డిగ్రీల దగ్గర అందులో ఆరేడో వంతు చిక్కదనంతో ఉంటుంది. ఇంజనును రూపొందించినవారు లెక్క వేసుకున్నది ఆ రెండవ స్థితికే.

ఈ పాఠం కొత్తది కాదు. 1952లో ఫ్రాన్సులోని లె మాన్ 24 గంటల పందెంలో గెలిచిన మెర్సిడెస్ 300 ఎస్ఎల్ కారును ఆధారం చేసుకొని, 1954లో ఆ కంపెనీ సామాన్య రహదారులకు ఒక కారును విడుదల చేసింది. పక్షి రెక్కలలా తలుపులు పైకి తెరుచుకునే ఆ కారు జగత్ప్రసిద్ధం. 1957 దాకా 1400 కార్లు తయారైనాయి. రూపంతోపాటు రేసు కారు స్వభావమూ దానికి సంక్రమించింది. ఆయిల్ నిలవ చేయడానికి ప్రత్యేకమైన ట్యాంకు, పది లీటర్లకు పైబడిన ఆయిల్, దానిని చల్లబరచడానికి పెద్ద కూలరు. గంటల తరబడి మహావేగంతో పోయే కారుకు ఇవన్నీ అవసరమే. కాని బజారుకు వెళ్ళి వచ్చే యజమానికి? అంత ఆయిల్ వేడెక్కేలోగా ఇల్లు వచ్చేసేది. పైగా దాని ఇంధన పంపు, తాళంచెవి తిప్పి ఆపిన తరువాత కూడా ఇంజను పూర్తిగా నిలిచేవరకు పెట్రోలు చిమ్ముతూనే ఉండేది. ఆ పెట్రోలు సిలిండరు గోడల మీది ఆయిల్‌ను కడిగివేసి, కిందికి జారి ట్యాంకులో కలిసేది. వెయ్యి మైళ్ళకొకసారి ఆయిల్ మార్చమని కంపెనీయే చెప్పింది. అనుభవజ్ఞులైన యజమానులలో చాలామంది మరొక ఉపాయం కనిపెట్టారు. కూలరుకు గాలి తగలకుండా అడ్డు పెట్టుకున్నారు. హిందూపురం వృద్ధుడు ఆ కథ విన్నాడో లేదో గాని, అతని అట్టముక్క వారి వరుసలోనిదే.

మన దేశంలో ఇదే పొరపాటు మరొక రూపంలో చాలాకాలం సాగింది. ఎండలు ఎక్కువ గనుక ఇంజనుకు థర్మోస్టాట్ ఎందుకని, అంబాసిడర్, పద్మిని కార్లలో దానిని తీసి పక్కన పారవేసిన మెకానిక్కులు ఎందరో ఉన్నారు. నీరు తగినంత వేడెక్కేవరకు దానిని రేడియేటరుకు పోనీయకుండా ఆపడమే ఆ చిన్న కవాటం పని. అది లేని ఇంజను ఎండాకాలంలో చల్లగా ఉన్నట్టు కనిపించి, చలికాలపు ఉదయాలలో ఎక్కువ పెట్రోలు తాగుతూ లోలోపల అరిగిపోయేది.

ఇంకొక విచిత్రం ఉన్నది. ట్రాకుకు ఉద్దేశించిన కూలరు, గాలి వేగం మీద ఆధారపడి పనిచేస్తుంది. వీధిలో కార్ల వరుస మధ్య నిలబడిపోయినప్పుడు ఆ గాలి ఉండదు. రేడియేటరుకు ముందు అమర్చిన కూలరు, ఫ్యాను లాగే కొద్దిపాటి గాలికీ అడ్డుపడుతుంది. తన వేడిని కూడా దానికే అంటిస్తుంది. ఫలితంగా చలి ఉదయం ఖాళీ రోడ్డు మీద అతిగా చల్లబడే కారే, మే నెల మధ్యాహ్నం సిగ్నలు దగ్గర మరిగిపోవచ్చు.

అట్టముక్క కట్టడం ముగించి ఆ వృద్ధుడు ముందు చక్రాల వైపు చూశాడు. బంపరు నుంచి బ్రేకు డిస్కుల దాకా లావుపాటి గొట్టాలు పోతున్నాయి. "ఇవీ రేసుకేనా? ప్యాడ్లు కూడా అవేనా?" అని అడిగాడు. యువకుడు అవునన్నాడు గాని అతని గొంతు తగ్గిపోయింది. అంతకు ముందు ఆగస్టులో, వాన కురుస్తున్న సాయంకాలం, సైకిలు మీద ఒక బడిపిల్లవాడు సందులోంచి రోడ్డు మీదికి వచ్చాడు. పెడలు తొక్కితే మొదటి క్షణం కారు పట్టనే పట్టలేదు. రెండవ క్షణంలో ఆగింది. సైకిలు చక్రానికీ బంపరుకూ మధ్య జానెడు దూరం మిగిలింది. రోడ్డు జారిందని అతడు అప్పుడు సరిపెట్టుకున్నాడు.

అది రోడ్డు తప్పు మాత్రమే కాదు. ట్రాకు మీద బ్రేకు డిస్కులు 500 డిగ్రీలు దాటి కాగుతాయి. డాట్ 4 రకం బ్రేకు ద్రవం కొత్తగా ఉన్నప్పుడు కనీసం 230 డిగ్రీల వరకు మరగకూడదు. తేమ పీల్చుకొన్న తర్వాత ఆ హద్దు 155కు దిగుతుంది. అందుకే అక్కడ గాలి గొట్టాలు ప్రాణరక్షకాలు. కాని రేసు ప్యాడ్లలో చాలావాటికి వేడెక్కితేనే పట్టు వస్తుంది. ఊళ్ళో అవి వేడెక్కవు. పైగా ఆ గొట్టాలు వానాకాలంలో గాలితోపాటు నీటినీ బురదనూ సరాసరి డిస్కు మీదికి చేరవేస్తాయి. ఒక చోట ప్రాణం కాపాడే అమరిక మరొక చోట ప్రాణం మీదికి తేవడం ఇలాగే.

ఆ ఆదివారం అతడు కోలారు దాకా వెళ్ళి వచ్చాడు. మీటరు ముల్లు మొదటిసారి 95 చూపింది. తిరిగి వచ్చి మూత తుడిచి బిగించాడు. మరునాడు విప్పి చూస్తే శుభ్రంగా ఉన్నది. హెడ్ గాస్కెట్‌కు ఏ లోపమూ లేదు. ఆయిల్ మాత్రం మార్చవలసి వచ్చింది.

అట్టముక్క శాశ్వతమైన మందు కాదు. దానిని మరిచిపోయి ట్రాకు మీదికి పోతే అసలుకే మోసం. అతడు కూలరుకు థర్మోస్టాట్ పెట్టించాడు. ఆయిల్ సుమారు 80 డిగ్రీలు చేరేవరకు అది కూలరు దారిని దాదాపు మూసి ఉంచుతుంది. గాలి గొట్టాలకు మూతలు చేయించాడు. రోజువారీ ప్యాడ్లు తిరిగి బిగించి, రేసు ప్యాడ్లను పెట్టెలో పెట్టాడు. ట్రాకుకు వెళ్ళే ముందు రోజు రాత్రి వాటిని మార్చుకోవడానికి అతనికి గంటన్నర పడుతుంది.

ఆ గంటన్నర శ్రమ దండగ కదా అని స్నేహితులు అడుగుతుంటారు. వాన పడే సాయంకాలాలలో ఆ సందు దాటేటప్పుడు అతడు ఇప్పటికీ వేగం తగ్గిస్తాడు. ఒకసారి పెడలు మీద కాలు మెల్లగా ఆనించి చూసుకుంటాడు. కారు వెంటనే పడుతుంది.