కొండెక్కితే తెలుస్తుంది పద్మిని గుట్టు!

ముంబయి వీధుల్లో ప్రీమియర్ పద్మిని టాక్సీల కాలం 2023 అక్టోబరుతో ముగిసింది. అయినా తాతల కారును ప్రాణంలా చూసుకుంటున్న ఇళ్లు చాలానే ఉన్నాయి. ఆ కారు అసలు సత్తా తెలియాలంటే మెట్టుపాళయం నుంచి ఊటీ వెళ్లే ఘాట్‌రోడ్డు ఎక్కించాల్సిందే. సుమారు 50 కిలోమీటర్ల ప్రయాణంలో 325 మీటర్ల ఎత్తు నుంచి 2,240 మీటర్లకు చేరాలి. ఎక్కడ తడబడిందన్నదాన్ని బట్టే జబ్బేమిటో చెప్పేయొచ్చు!

పోకతోటల కల్లార్ దగ్గర్నుంచే అసలు ఎత్తు మొదలు. కొండరైలు కూడా పళ్లపట్టా అందుకునేది ఇక్కడే. ఎండలో ఆపిన కారు మళ్లీ స్టార్టు కాకపోతే గొట్టంలో పెట్రోలు ఆవిరైందేమో చూడాలి. పెట్రోలు పంపు మీద తడిగుడ్డ వేసి కాసేపు ఆగడం పాత డ్రైవర్లకు తెలిసిన వైద్యమే.

ఇక హెయిర్‌పిన్ మలుపులు. సెకండ్ గేరులో యాక్సిలరేటర్ తొక్కగానే బండి ఒక్కక్షణం గుటకవేసి, ఆనక అందుకుంటుంది. గాలి ఒక్కసారిగా లోపలికి దూసుకొచ్చినా పెట్రోలు వెనకబడటమే కారణం. ఇది బయల్దేరే ముందే తేల్చుకోవచ్చు. చల్లారిన ఇంజిన్ ఆపి ఉంచి, ఎయిర్‌ఫిల్టర్ తీసి యాక్సిలరేటర్ కదపాలి. కార్బ్యురేటర్ గొంతులో పెట్రోలు ధార సన్నగా చిమ్మాలి. లేదంటే యాక్సిలరేటర్ పంపు పని చెయ్యట్లేదన్నమాట.

బర్లియార్ దాటాక కాసేపు బాగా లాగి నీరసించిపోయి, ఆగితే మళ్లీ కోలుకుంటోందా? ఫిల్టర్‌లోనో జెట్‌లోనో చెత్త ఉండొచ్చు, పంపు డయాఫ్రమ్ పాడై ఉండొచ్చు. ఇప్పుడు బంకుల్లో దొరికే 20 శాతం ఇథనాల్ పెట్రోలు పాత రబ్బరు భాగాలకు పడదు.

అనుమానం తీరకపోతే చోక్ కొద్దిగా లాగి చూడాలి. ఇంజిన్ పుంజుకుంటే పెట్రోలు చాలడంలేదని, ఇంకా మూలిగితే ఎక్కువవుతోందని అర్థం. రెండూ కాకుండా టపటపమంటూ మిస్సవుతుంటే పాయింట్లు, కండెన్సర్, ప్లగ్గులు చూడాలి. పాపం, చాలాసార్లు నింద కార్బ్యురేటర్ మోస్తుంది!

కూనూర్ తేయాకు తోటలు దాటాక మాత్రం తప్పు బండిది కాదు. ఊటీలో గాలి సాంద్రత మైదానంకన్నా దాదాపు అయిదోవంతు తక్కువ. గాలి పల్చబడినా కార్బ్యురేటర్‌కు ఆ సంగతి తెలీదు, ఎప్పట్లాగే పెట్రోలు పోస్తుంది. అందుకే నల్లపొగ, మసిబారిన ప్లగ్గులు, తగ్గిన పికప్. అక్కడ కంగారుపడి జెట్లు మార్పించి అలాగే కిందికి దిగితే, మైదానంలో పెట్రోలు చాలక ఇంజిన్ వేడెక్కిపోతుంది. రెండ్రోజుల విహారానికి శుభ్రమైన ఎయిర్‌ఫిల్టర్, తక్కువ గేరు, కాస్త ఓపిక చాలు.

మలుపులో బండి ఆగితే హ్యాండ్‌బ్రేకు, చక్రం వెనక రాయి... ముందు ఆ రెండూ పడ్డాకే బానెట్ ఎత్తాలి. దగ్గర్లో అగ్గిపుల్ల వెలగకూడదు. నీలగిరికి వెళ్లే వాహనాలకు 2024 మేలో ఈ-పాస్ నిబంధన వచ్చింది. ఆ వివరాలు చూసుకుని బయల్దేరితే మంచిది.