ఆ హీరోకి నాలుగు కాళ్ళు

మోటారు సైకిల్ రేసులో కప్పు గెలిచిన కుర్రాడు ఉన్నట్టుండి మన వీధిలో బండి ఆపితే పిల్లలేం చేస్తారు? చుట్టూ మూగుతారు. బండిని తాకి చూస్తారు. మర్నాడు బడిలో 'నేను ముట్టుకున్నా తెలుసా' అని గొప్పలు పోతారు. నరసరావుపేట, మాచర్ల, గురజాల పల్లెల్లో ఇప్పుడు నలభై, యాభై ఏళ్ళు దాటిన వాళ్ళంతా చిన్నప్పుడు ఆ పనే చేశారు. కాకపోతే వాళ్ళ హీరోకి హెల్మెట్ లేదు, మూపురం ఉంది. ఇంజను చప్పుడు లేదు, మెడలో మువ్వలున్నాయి.

ఆ హీరో పందెం గిత్త. తిరునాళ్ళలో, సంక్రాంతికి, శివరాత్రికి, ఉగాదికి జరిగే బండలాగుడు పోటీలకు ఊరు దాటి వచ్చే ఒంగోలు జాతి గిత్త. పల్నాడు వెళ్ళి ఎవరినైనా చిన్ననాటి ముచ్చట్లు కదిపి చూడండి. ఎవరు గెలిచారో, ఎన్ని అడుగులు లాగాయో చాలామందికి గుర్తుండదు. ముందురోజు సాయంత్రం ఆ గిత్త దగ్గరికి వెళ్ళి నిలబడటం మాత్రం ఎవరూ మరచిపోరు.

పందెం రేపనగా...

పొద్దు వాలే వేళకు లారీలు వచ్చేవి. వెనక డాలా దించి, మట్టిగట్టుకు ఆనించి, గిత్తల్ని ఒక్కొక్కటిగా మెల్లగా దింపేవారు. వేపచెట్ల కిందో, చింతతోపులోనో, సెలవు రోజైతే బడి ఆవరణలోనో గుంజలు పాతి కట్టేసేవారు. బడి ఆవరణలో కట్టారంటే ఇక పిల్లల పంట పండినట్టే. మన బడిలో మన హీరో!

వాటికి జరిగే మర్యాద చూడటమే ఒక వేడుక. ఒకరు ఒళ్ళు తుడుస్తుంటే మరొకరు కాళ్ళు మర్దనా చేసేవారు. ఉడికించిన ఉలవలు, తవుడు, పత్తిగింజలు, జొన్నచొప్ప... ఇంట్లో తమకు కూడా దొరకని ఎండు ఖర్జూరం గిత్త నోటికి అందుతుంటే పిల్లలు గుటకలు మింగేవారు. ప్రయాణం బడలిక తీరేదాకా దగ్గరికి రానిచ్చేవారు కాదు. ఆ తర్వాత మాత్రం 'బాబాయ్, ఒక్కసారి ముట్టుకుంటాం' అని బతిమాలే గుంపును ఏ ఆసామీ కాదనలేకపోయేవాడు. ఒకే ఒక్క షరతు. వెనక నుంచి పోకూడదు. ముందు నుంచి, అది చూస్తుండగా పోవాలి.

ఆ షరతు వెనక శాస్త్రం ఉంది. పశువు కళ్ళు తలకు రెండు పక్కలా ఉంటాయి. చుట్టూ చాలా మేర కనిపిస్తుంది కానీ, సరిగ్గా తోక వెనక ఉన్నది కనపడదు. అటునుంచి అలికిడైతే బెదిరి కాలు విసురుతుంది. పుస్తకం చదవకుండానే పల్నాటి పిల్లలకు ఈ పాఠం ఒంటబట్టింది.

మొదట గంగడోలు ముట్టుకునేవారు. మెత్తగా, మడతలు మడతలుగా, అమ్మ పాత చీరలా ఉండేది. ధైర్యం వచ్చాక నుదురు నిమిరేవారు. చెమట పట్టిన అరచెయ్యి చాపితే ఉప్పదనానికి గిత్త నాలుకతో నాకేది. గరుకు కాగితంతో రుద్దినట్టుండే ఆ స్పర్శకు ఒళ్ళు ఝల్లుమనేది. కాటుక పెట్టినట్టున్న కళ్ళు, అంతెత్తు మూపురం, పొట్టి కొమ్ములు. అంత బలమున్న ప్రాణి తమ ముందు తల వంచి నిలబడితే, ఆ పూట పిల్లలకు అన్నం మీద ధ్యాసే ఉండేది కాదు.

పళ్ళు చూసి పోటీ

మర్నాడు మైదానం కిక్కిరిసేది. ప్రహరీ గోడల మీద, చెట్ల కొమ్మల మీద, ట్రాక్టర్ ట్రక్కుల మీద జనమే జనం. తెలియని వాళ్ళకు ఎడ్లు బండను లాగడమే కనిపిస్తుంది. దగ్గరగా చూస్తే అదో పెద్ద లెక్క.

కుస్తీలో బరువును బట్టి విభాగాలు ఉంటాయి కదా. ఇక్కడ పళ్ళను బట్టి! పశువుకు పైదవడ ముందు భాగంలో పళ్ళుండవు. కింది దవడలో మాత్రం ఎనిమిది ఉంటాయి. పాలపళ్ళు ఊడి, వాటి స్థానంలో శాశ్వత పళ్ళు జతలు జతలుగా వస్తాయి. రెండేళ్ళు దాటాక మొదటి జత, మూడేళ్ళ ప్రాంతంలో రెండోది, ఆ తర్వాత మూడోది, నాలుగున్నర, అయిదేళ్ళకు నాలుగోది. అందుకే పాలపళ్ళు, రెండు పళ్ళు, నాలుగు పళ్ళు, ఆరు పళ్ళు అంటూ విభాగాలు పెడతారు. ఆపైన జూనియర్లు, సీనియర్లు. పోటీకి ముందు నోరు తెరిచి పళ్ళు లెక్కపెడతారు. గిత్తకు అదే జనన ధ్రువీకరణ పత్రం!

ఎవరు ముందు దిగాలో చీటీలు తీస్తారు. క్వింటాళ్ళ బరువుండే రాతిబండను మోకులతోనో, గొలుసులతోనో కాడికి కడతారు. బరిలోకి ఒకసారి ఒక జతే దిగుతుంది. విజిల్ మోగింది మొదలు నిర్ణీత సమయం. ఆ నిమిషాల్లో బరి ఈ చివర నుంచి ఆ చివరికి, మళ్ళీ వెనక్కి బండను లాగుతూనే ఉండాలి. మొత్తం ఎన్ని అడుగులన్నదే లెక్క. చివరికి టేపు పట్టి అంగుళాలు కూడా కొలుస్తారు. మైకులో రౌండు రౌండుకూ దూరం చెబుతుంటే పిల్లలు వేళ్ళ మీద కూడుకునేవారు. ఎక్కాలు రానివాడు కూడా ఆ కూడికలో తప్పేవాడు కాదు.

అసలు కష్టం బండను కదిలించడంలోనే. నేలకు అతుక్కుని ఆగి ఉన్న బండను కదపడానికి, కదిలాక లాగడానికి కావలసిన దానికంటే ఎక్కువ బలం కావాలి. అందుకే తెలిసిన ఆసామీ బండను ఆగనివ్వడు. మలుపు దగ్గరే ఉంటుంది మజా అంతా. దాపటి గిత్త, ఎలపటి గిత్త ఒక్క ఊపులో తిరగాలి. ఒకటి ముందడుగు వేసి మరొకటి తటపటాయిస్తే బండ నిలిచిపోతుంది, గడియారం మాత్రం ఆగదు. జతలో రెండూ సమానమైన బలం కలవైతే చాలదు, ఒకదాని అడుగు ఒకదానికి తెలియాలి. అందుకే ఏ గిత్త పక్కన ఏది నిలబడాలో తేల్చుకోవడానికే ఆసామీలు నెలలు గడుపుతారు.

మోటారు సైకిల్‌తో పోల్చి చూద్దాం. పొలంలో నిదానంగా దున్నే ఎడ్ల జత శక్తి సుమారు ఒక హార్స్ పవర్. బుల్లెట్ 350 ఇంజనుది దాదాపు ఇరవై. కాగితం మీద చూస్తే పోటీయే లేదు. అయితే బుల్లెట్ చక్రాల మీద దొర్లుతుంది. బండకు చక్రాలు లేవు, నేలను రాసుకుంటూ రావాలి. అలాంటప్పుడు గిట్ట నేలలో దిగేసి, మోకాళ్ళు వంచి, ఉన్న బలమంతా కొద్ది క్షణాల్లో కుమ్మరించే గిత్తే గొప్ప!

మంద కోసం పోరాడిన నేల

పల్నాటికి పశువు కొత్త కాదు. పన్నెండో శతాబ్దపు పల్నాటి యుద్ధం అనగానే మనకు బ్రహ్మనాయుడు, నాగమ్మ, కోడిపందెం గుర్తొస్తాయి. కారెంపూడిలో నాగులేటి ఒడ్డున ఏటా కార్తీక అమావాస్య నుంచి అయిదు రోజులు వీరారాధన ఉత్సవాలు జరుగుతాయి. రాచగావు, రాయబారం, మందపోరు, కోడిపోరు, కల్లిపాడు. మూడో రోజు మందపోరంటే పశువుల మంద కోసం సాగిన పోరు. కోడిపోరు కంటే ముందే మందపోరుకు ఒక రోజు కేటాయించారు చూడండి. పశువే సంపదగా బతికిన సీమకు అది గుర్తు.

నరసరావుపేట దగ్గరి కోటప్పకొండ సంగతి సరే సరి. మూడు శిఖరాల త్రికూటాచలం మీద త్రికోటేశ్వరుడు. శివరాత్రి వచ్చిందంటే 'చేదుకో కోటయ్యా' అంటూ చుట్టుపక్కల ఊళ్ళన్నీ కొండ కిందికి చేరతాయి. ఆకాశాన్నంటే ప్రభలు కడతారు. ఇప్పుడు రంగురంగుల విద్యుద్దీపాల ప్రభలే ప్రధాన ఆకర్షణ గానీ, ఒకప్పుడు ఆ ప్రభలను కొండదాకా చేర్చింది ఎడ్లే. తమ ఊరి ప్రభ ముందు తమ ఊరి ఎడ్లు నడుస్తుంటే పక్కన పరుగెత్తడం పిల్లలకు తిరునాళ్ళలో సగం ఆనందం.

ఈ గిత్తలకూ ఈ నేలకూ ఉన్న బంధం ఉత్తినే వచ్చింది కాదు. ఒంగోలు జాతి పుట్టిల్లంటే ఒక్క ఒంగోలు పట్టణమే కాదు. గుండ్లకమ్మ, మూసి, పాలేరు తీరాలు, వాటి చుట్టూ ఉన్న నరసరావుపేట, వినుకొండ ప్రాంతాలు కూడా. నల్లరేగడి నేల వాన పడితే బంకలా పట్టుకుంటుంది, ఎండితే రాయిలా బిగుసుకుంటుంది. దాన్ని దున్నాలంటే అంత బలమూ ఉండాలి, ఎండకు తట్టుకునే ఒళ్ళూ ఉండాలి. నేల అడిగినట్టే పశువును పెంచుకున్నారు రైతులు.

సముద్రాలు దాటిన కీర్తి

పల్లె పిల్లవాడు నుదురు నిమిరిన ఆ గిత్త చుట్టాలు సముద్రాలు దాటిపోయాయి. పందొమ్మిదో శతాబ్దం నుంచే ఒంగోలు పశువులు ఓడలెక్కి బ్రెజిల్ చేరాయి. అక్కడ వాటికి 'నెలోర్' అని పేరు పెట్టుకున్నారు, మన నెల్లూరు పేరే! ఇవాళ బ్రెజిల్ మాంసపు పశువుల్లో అత్యధికం ఆ రక్తానివే. 2023లో అక్కడ 'వియాటినా-19' అనే నెలోర్ ఆవుకు వేలంలో 40 లక్షల డాలర్లకు పైగా విలువ కట్టారు. ప్రపంచంలోనే అత్యంత ఖరీదైన ఆవుగా అది గిన్నిస్ రికార్డుకెక్కింది. 2002లో హైదరాబాద్‌లో జాతీయ క్రీడలు జరిగినప్పుడు మస్కట్‌గా నిలిచిన 'వీర' కూడా ఒంగోలు గిత్తే.

అక్కడ అంత వైభవం. మరి పుట్టింట్లో?

చర్నాకోల మాటేమిటి?

ఈ ముచ్చట్లు చెప్పేవాళ్ళు ఒకచోట గొంతు తగ్గిస్తారు. ముందురోజు తాము నిమిరిన వీపు మీద మర్నాడు చర్నాకోల పడటం కూడా వాళ్ళకు గుర్తే. బండ ఆగిపోతే తోక మెలిపెట్టడం, ముల్లుగర్రతో పొడవడం... ఈలలు వేసే పెద్దల మధ్య కళ్ళు మూసుకున్న పిల్లలూ ఉన్నారు.

పశువులను హింసించడం నేరమని 1960 నాటి చట్టమే చెప్పింది. 2014 మే 7న సుప్రీంకోర్టు జల్లికట్టును, ఎడ్లబండ్ల పందాలను నిషేధించింది. ఆ తర్వాత తమిళనాడు, కర్ణాటక, మహారాష్ట్ర తమ చట్టాలను సవరించుకున్నాయి. 2023 మే 18న అయిదుగురు న్యాయమూర్తుల ధర్మాసనం ఆ సవరణలను సమర్థించింది. ఆ రాష్ట్రాల పందాల మీద తీర్పే అయినా, బలప్రదర్శన ఎక్కడ జరిగినా ఆ చర్చ వెంట వస్తూనే ఉంటుంది. పందెం ఉండాలా వద్దా అన్నది ఒక ప్రశ్న. ఉంటే ఎలా ఉండాలన్నది అంతకంటే పెద్ద ప్రశ్న. దెబ్బ పడకుండా లాగిన అడుగులే లెక్కలోకి వస్తాయంటే, గిత్తను ప్రేమగా పెంచినవాడే గెలుస్తాడు కదా!

ఇంట్లో లేని హీరో

చర్నాకోల కంటే నిశ్శబ్దంగా పడిన దెబ్బ మరొకటి ఉంది. 1967లో నాగార్జునసాగర్ నీళ్ళు కుడికాలువలోకి వచ్చాయి. మెట్టచేలు మాగాణులయ్యాయి. మిరప, పత్తి పండాయి, చేతిలో డబ్బు ఆడింది. మెల్లగా ట్రాక్టర్ వచ్చింది. ఎడ్లతో రోజంతా దున్నే చేను పూటలో అయిపోతుంటే రైతు ఎందుకు వద్దంటాడు? తప్పు పట్టడానికేం లేదు. కానీ కాడి అటకెక్కింది. కోడెదూడ పుడితే సంబరపడే ఇల్లు, దాన్ని ఏం చేయాలా అని ఆలోచించడం మొదలుపెట్టింది.

ఒకప్పుడు పందెం గిత్తను చూసి వచ్చిన పిల్లవాడు ఇంటికెళ్ళి తమ కొట్టంలోని ఎద్దును కొత్త కళ్ళతో చూసేవాడు. 'మనదీ బాగా మేపితే అంతవుతుందా నాన్నా' అని అడిగేవాడు. తిరునాళ్ళ హీరో, కొట్టంలో నెమరేసే ఎద్దు ఒకే కుటుంబం. ఇవాళ హీరో ఉన్నాడు. మేలైన పందెం జత లక్షల్లో పలుకుతోంది, పోటీల వీడియోలు సెల్‌ఫోన్లలో తిరుగుతున్నాయి. కొట్టమే ఖాళీ అయింది. వీధుల్లో సైకిళ్ళు తొక్కే పిల్లలు లేని ఊళ్ళో రేసర్ ఎక్కడి నుంచి పుట్టుకొస్తాడు?

గుంటూరు దగ్గర లాం ఫారంలోనూ, ప్రకాశం జిల్లా చదలవాడలోనూ, నెల్లూరు జిల్లా చింతలదేవిలోనూ ఉన్న ప్రభుత్వ పశుక్షేత్రాలు ఈ జాతిని కాపాడే పని చేస్తున్నాయి. అది అవసరమే. అయితే పందెం మోజుతోనైనా సరే, ఇంటి ముందు గిత్తను కట్టుకునే రైతు మిగిలి ఉండటమూ అంతే అవసరం. సాగుకు అక్కరలేని పశువును ఇంకా ఇంటి గడపలో నిలబెట్టింది చాలావరకు ఈ పోటీలే.

వెళ్ళి చూడాలంటే...

2022 ఏప్రిల్ 4న పల్నాడు విడి జిల్లా అయింది. నరసరావుపేట దాని కేంద్రం. గుంటూరు, గుంతకల్లు రైలు మార్గంలో ఉంది. అక్కడి నుంచి కోటప్పకొండ పన్నెండు కిలోమీటర్ల పైచిలుకు. కొండపైకి మెట్లదారి, ఘాట్ రోడ్డు రెండూ ఉన్నాయి. కారెంపూడి వీరుల గుడి, మాచర్ల చెన్నకేశవాలయం చూసుకుని, అటునుంచి నాగార్జునసాగర్ వెళ్ళిరావచ్చు. బండలాగుడు చూడాలనుకుంటే సంక్రాంతి నుంచి వేసవి దాకా జరిగే తిరునాళ్ళలో ఏదో ఒకటి తగులుతుంది.

పిల్లల్ని తీసుకెళ్ళేవారు మాత్రం ఒక రోజు ముందే వెళ్ళండి. పందెం నాటి జనంలో వాళ్ళకు కనిపించేది దుమ్మే. ముందురోజు సాయంత్రం వేపచెట్ల కింద గిత్తలు తీరిగ్గా నెమరు వేస్తుంటాయి. ఆసామీని అడిగి, ముందు నుంచి, అది చూస్తుండగా వెళ్ళమనండి. అరచెయ్యి చాపితే చాలు, మిగతా పరిచయం అదే చేసుకుంటుంది.