ముద్ద సరే... మందు మాటేమిటి?

'రాజేంద్రుడు - గజేంద్రుడు' చూశారా? 1993లో వచ్చింది. మీలో చాలామంది అప్పటికి పుట్టి కూడా ఉండరు, అయినా టీవీలో చూడకుండా తప్పించుకుని ఉండరు లెండి! ఎస్.వి.కృష్ణారెడ్డిగారి సినిమా. రాజేంద్రప్రసాద్‌కి లాటరీలో ఏనుగు తగులుతుంది. డబ్బు తగిలితే ఎక్కడ దాచాలన్నది సమస్య. ఏనుగు తగిలితే దేంతో మేపాలన్నది సమస్య! హాలంతా పొట్ట చెక్కలయ్యేలా నవ్వింది గానీ, ఆ నవ్వుల వెనకున్న అసలు కథ మేత ఖర్చే.

ఏనుగు సంగతి వదిలేయండి. ఇప్పుడు మన కుర్రకారుకు పట్టుకున్న మోజు కుక్కలు. మామూలు కుక్కలు కావు, దూడంత కుక్కలు! గ్రేట్ డేన్, సెయింట్ బెర్నార్డ్, మాస్టిఫ్... ఈ మోజుకు వెండితెర చేసిన సాయం తక్కువేం కాదు. 'ప్రేమాలయం' పేరుతో తెలుగులోకి వచ్చిన 'హమ్ ఆప్‌కే హైఁ కౌన్' (1994)లో టఫీ చిన్న తెల్ల కుక్క. దాన్ని చూసి మురిసినవాళ్ళు తెల్ల కుక్కను తెచ్చుకున్నారు, అది అన్నం పెరుగు తిని ఓ మూల పడుకుంది. 2022లో రక్షిత్ శెట్టి '777 చార్లీ' మనవాళ్ళను వెక్కి వెక్కి ఏడ్పించింది. అందులోది లాబ్రడార్. అదీ మధ్యతరగతి ఇంట్లో ఏదోలా సర్దుకుంటుంది. హాలీవుడ్ వాళ్ళ 'బీథోవెన్' (1992) ఉంది చూశారూ, అందులో హీరో సెయింట్ బెర్నార్డ్. చిక్కల్లా అక్కడే వస్తుంది. సినిమాలో ఒక్క పాట అయ్యేలోగా కూన పెరిగి పెద్దదైపోతుంది. ఆ పాట ఖర్చు నిర్మాతది. ఇంట్లో నిర్మాత ఎవరు? మీ నాన్నగారు!

ఇంతకీ ఈ గొడవంతా నాకెందుకంటే, మా మేనల్లుడి వల్ల. తాండూరులో మా అక్క కొడుకు. డిగ్రీ అయింది, ఓ ప్రైవేటు ఆఫీసులో పదహారు వేల జీతం. ఫోన్‌లో వచ్చే రీల్స్ చూసి చూసి గ్రేట్ డేన్ కూన మీద మనసు పారేసుకున్నాడు. బేరం ముప్ఫై అయిదు వేలకు కుదిరిందట. "మామా, ఈఎంఐలో కూడా ఇస్తరంట!" అన్నాడు ఫోన్‌లో. కుక్కను కూడా వాయిదాల మీద అమ్మే రోజులొచ్చాయన్నమాట! "అది ఈ గడప తొక్కితే నేను నీ దగ్గరికి వికారాబాద్ వచ్చేస్తా తమ్ముడూ" అని వెనకనుంచి అక్క కేక.

వద్దంటే వినే వయసు కాదు వాడిది. వాదించే ఓపిక నాకు లేదు. "ఆదివారం పొద్దున్నే రైలెక్కి వికారాబాద్ రా. రెండు కుక్కల్ని చూపిస్తా. ఆ తర్వాత నీ ఇష్టం" అన్నాను.

అనంతగిరి కొండల గురించి మీకు కొత్తగా చెప్పేదేముంది! మూసీ పుట్టిన చోటు, పద్మనాభస్వామి గుడి, ఆ మలుపుల రోడ్లు, చెట్లు. ఆ మలుపుల్లో కెమెరా పెట్టని సినిమావాళ్ళు తక్కువ. షూటింగుల వార్తల కోసం తిరిగే నాకు అక్కడి ఫామ్‌హౌసుల వాచ్‌మన్లంతా దోస్తులే. హైదరాబాద్ నుంచి డెబ్భై కిలోమీటర్లు, శనివారం సాయంత్రం వచ్చి ఆదివారం రాత్రికి వెళ్ళిపోయే యజమానులు. మిగతా అయిదు రోజులూ ఆ తోటలకు రాజూ మంత్రీ అన్నీ వాచ్‌మనే.

అల్లుణ్ణి తీసుకెళ్ళింది అలాంటి ఒక తోటకే. అక్కడ ఉంది సెయింట్ బెర్నార్డ్. ఎక్కడో స్విట్జర్లాండ్‌లో, ఆల్ప్స్ కనుమల్లో, మంచులో దారితప్పిన బాటసారులను వెతికిన జాతి. మఠం సన్యాసులు పెంచేవాళ్ళట. 1800లో పుట్టిన బారీ అనే కుక్క నలభై మంది ప్రాణాలు కాపాడిందని అక్కడ కథలుగా చెప్పుకుంటారు. అలాంటి వంశంలో పుట్టిన ఈ మహానుభావుడు, ఏప్రిల్ ఎండలో, వాచ్‌మన్ గది స్నానాల తావులో, తడి చేసిన తాండూరు బండ మీద పొట్ట ఆనించి పడుకుని, గజం నాలుక బయట పెట్టి రొప్పుతున్నాడు.

"బండ సల్లగుంటది సారూ. గాడికెల్లి లేవనే లేవదు" అన్నాడు వాచ్‌మన్. "పొద్దుగాల గోనెసంచులు తడిపి కప్పుత. పగటిపూట మల్ల తడుపుత."

మా అల్లుడికి రీల్స్‌లో కనపడని సీను ఇది.

కథ మామూలే. యజమాని కొడుకు ముచ్చటపడి కొనిపించుకున్నాడు. అపార్ట్‌మెంట్‌లో ఏడాది ఉంది. సోఫాల మీద చొల్లు, సాంబారులో బొచ్చు, లిఫ్టులో పక్కింటివాళ్ళ కేకలు. చివరికి 'పాపం, దానికి చోటు కావాలి' అనే దయగల మాటతో తోటకు చేరింది. అలాంటి దయ వెనక ఎవరి వంటిల్లు ఉందో చూడాలి. యజమాని కుక్క కోసం నెలకు మూడు వేలు పంపుతాడు. వాచ్‌మన్ జీతం పన్నెండు వేలు. మూడు వేలు పన్నెండో తారీఖుకు అయిపోతాయి. ఆ తర్వాత నడిచేది వాచ్‌మన్ జీతం మీద. అతని భార్య నూకలు, కోడి కాళ్ళు, తలకాయలు కలిపి పెద్ద గంజులో ఉడకేస్తుంది.

"మా పిల్లలకన్న ముందల దీనికే వండుతది సారూ. ఆకలైతే ఇది మొరగదు. వచ్చి దర్వాజ కాడ కూసుంటది. గట్ల సూస్తే మనకు ముద్ద దిగుతదా?"

దానికి నేనేం జవాబు చెప్పను?

మధ్యాహ్నం ప్యాసింజరుకు ఇద్దరం తాండూరు బయలుదేరాం. దారంతా మావాడు మాట్లాడలేదు. ధారూరు దాటాక మాత్రం "మామా, అది మంచు దేశం కుక్క. గ్రేట్ డేన్‌కు బొచ్చు తక్కువ, మనకాడ మస్తుగుంటది" అన్నాడు. హీరో ఇంకా ఓడిపోలేదన్నమాట. సరే, రెండో కుక్క ఉందిగా!

తాండూరంటే బండలు, సిమెంటు, కందిపప్పు. 2022లో తాండూరు కందికి జీఐ గుర్తింపు కూడా వచ్చింది. ఊరి చివర బండల పాలిషింగ్ యూనిట్ నడిపే ఒకాయన గ్రేట్ డేన్‌ను ఏడేళ్ళుగా సాకుతున్నాడు. సగం తెలుగు, పావు ఉర్దూ, పావు కన్నడం మాట్లాడే పెద్దమనిషి. నాకు ఈయనంటే గౌరవం ఎందుకంటే, ఆయన దగ్గర కుక్క చిట్టా ఉంది! బండల లారీలకు రాసినట్టే కుక్క ఖర్చుకూ ఎర్ర అట్ట పుస్తకం.

"తిండికి బయపడకు బేటా" అన్నాడు మావాడితో మొదటే. నేను ఉలిక్కిపడ్డాను. భయపెట్టమని తీసుకొస్తే ఈయన ధైర్యం చెబుతున్నాడేమిటి!

ఆయన చెప్పింది నిజమే. పది కిలోల కుక్క కంటే అరవై కిలోల కుక్క ఆరు రెట్లు తింటుందని మనం అనుకుంటాం. తినదు. ఒళ్ళు పెరిగినంతగా ఆకలి పెరగదు, పశువైద్యులు వేసే కెలోరీల లెక్కలో అది నాలుగు రెట్లకు లోపే తేలుతుంది. చిట్టాలో రోజువారీ లెక్క చూశాను. ముప్పావు కిలో పైచిలుకు కోడి మాంసం, మూడు వందల యాభై గ్రాముల బియ్యం లేదా జొన్న రొట్టెలు, రెండు గుడ్లు, పెరుగు, కాసిన్ని కూరగాయలు. అంతా కలిపి రెండు వందల ముప్ఫై, నలభై. నెలకు ఏడు వేలు. అదే సంచుల్లో వచ్చే మంచి రకం మేత అయితే నెలకు ఇరవై కిలోలు, పది వేల దాకా. పదహారు వేల జీతగాడికి ఇది కూడా పర్వతమే అనుకోండి. కానీ పెద్దాయన పేజీ తిప్పాడు.

"అసలు దెబ్బ ఈడుంది."

తిండి నాలుగు రెట్లే గానీ, మందు ఆరుకు ఆరు రెట్లూ! నులిపురుగుల మందు కిలోల లెక్క. గోమార్లు పట్టకుండా వేసే బిళ్ళ కిలోల లెక్క. ఆపరేషన్‌కు మత్తు కిలోల లెక్క. మన వైపు కుక్కలకు గోమార్ల జ్వరం మామూలు. దానికి డాక్టర్లు రాసే డాక్సీసైక్లిన్ కిలోకు పది మిల్లీగ్రాముల చొప్పున అనుకుంటే, ఎనిమిది కిలోల తెల్ల కుక్కకు రోజుకు ఒక్క బిళ్ళ కూడా పట్టదు. అరవై కిలోల దొరగారికి రోజుకు ఆరు! ఇరవై ఎనిమిది రోజులకు నూట అరవై ఎనిమిది బిళ్ళలు. లోకంలో ఒక్కటే సమానత్వం చూశాను, రేబిస్ టీకా. టఫీకీ ఒక మిల్లీలీటరే, ఈయనకూ ఒక మిల్లీలీటరే.

కూనగా ఉన్నప్పుడైతే ఇంకో చిక్కు. పుట్టినప్పుడు కిలో కూడా తూగని గ్రేట్ డేన్ ఏడాది తిరిగేసరికి నలభై అయిదు, యాభై కిలోలవుతుంది. అంత వేగంగా ఎముకలు పెరుగుతుంటే మనవాళ్ళు ప్రేమ కొద్దీ కాల్షియం టానిక్కులు పోస్తారు. ఆ వయసులో ఎక్కువైన కాల్షియాన్ని వదిలించుకోవడం దాని ఒంటికి చేతకాదు. ఎముకలు వంకర పోతాయి. డబ్బు పోసి కుంటితనం కొనుక్కోవడం అంటే ఇదే. పెద్దజాతి కూనలకని వేరే మేత అమ్మేది అందుకే.

చిట్టాలో ఒక పేజీకి మాత్రం మూల మడత పెట్టి ఉంది. మూడేళ్ళ కిందటి రాత్రి. తిన్న రెండు గంటలకు కుక్క అటూ ఇటూ తిరగడం మొదలెట్టిందట. కక్కబోతుంది, నురగ తప్ప ఏమీ రాదు. పొట్ట డోలులా బిగిసిపోయింది. లోతైన ఛాతీ ఉన్న పెద్ద కుక్కలకు, అందులోనూ గ్రేట్ డేన్లకు ఎక్కువగా వచ్చే జబ్బు ఇది. కడుపు గాలితో ఉబ్బి, మెలిపడిపోతుంది. గంటల్లో ఆపరేషన్ చేయకపోతే దక్కదు. తాండూరు నుంచి హైదరాబాద్ వంద కిలోమీటర్లకు పైనే. అరవై రెండు కిలోల కుక్కను దుప్పట్లో వేసి నలుగురు పాలిషింగ్ పనివాళ్ళు కారెక్కించారు. పరిగి రోడ్డా, వికారాబాద్ రోడ్డా అని వాదించుకునే టైము కూడా లేదు. బతికింది. కడుపు మళ్ళీ మెలిపడకుండా గోడకు కలిపి కుట్టేశారు. ఆ ఒక్క పేజీ కింద మొత్తం, డెబ్భై రెండు వేలు.

"కారు లేకుంటే?" అన్నాడు మావాడు.

పెద్దాయన పుస్తకం మూసి కుక్క తల నిమిరాడు. మూతి అంతా నెరిసిపోయింది దానికి. ఈ జాతి బతికేదే ఏడు నుంచి పదేళ్ళు. మన వీధి కుక్క, తెల్ల కుక్క పన్నెండు, పదిహేనేళ్ళు చూస్తాయి. ప్రపంచంలోకెల్లా ఎత్తయిన కుక్కగా గిన్నిస్‌కెక్కిన అమెరికా గ్రేట్ డేన్ జియస్, నలభై నాలుగు అంగుళాల ఎత్తు, 2014లో పోయేనాటికి అయిదేళ్ళే. ఎత్తుకు అది కట్టే పన్ను అనుకోవాలి.

అన్నట్టు, 2024 మార్చిలో కేంద్రం ఇరవై మూడు జాతుల కుక్కల్ని ప్రమాదకరమైనవంటూ ఒక సర్క్యులర్ తెచ్చింది గుర్తుందా? మాస్టిఫ్‌లు, రాట్‌వైలర్లు ఆ జాబితాలో ఉన్నాయి. ఏప్రిల్‌లో కర్ణాటక హైకోర్టు దాన్ని కొట్టేసింది. దాని మీద టీవీల్లో ఎంత రభస! 2017 నాటి కేంద్ర నిబంధనల ప్రకారం కుక్కల పెంపకందారు రిజిస్టరు చేయించుకోవాలి, ఎనిమిది వారాల లోపు కూనను అమ్మకూడదు. ఈ సంగతి మీద మాత్రం ఎవరూ రభస చేయరు. మావాడికి బేరం కుదిరింది ఆరు వారాల కూనకు. రిజిస్ట్రేషన్ కాగితం అడగమన్నాను. అడిగాడు. ఆ తర్వాత ఆ నంబరు పలకలేదు. ఈఎంఐ కథకు అక్కడితో ఇంటర్వెల్!

అసలు సీను ఆ తర్వాత మూడు వారాలకు. వాచ్‌మన్ ఫోన్ చేశాడు. "సారూ, మీ అల్లునికి కుక్క గావాలన్నడు గదా? మావోళ్ళు ఉత్తగనే ఇచ్చేస్తమంటున్రు. తీస్కపోతడా?" గొంతు అదోలా ఉంది. తీసుకుపొమ్మంటున్నాడో, వద్దనమని వేడుకుంటున్నాడో నాకు తెలియలేదు.

మావాడికి చెప్పాను. నేననుకున్నది ఎగిరి గంతేస్తాడని. వాడు అడిగిన మొదటి ప్రశ్న, "ఎన్ని కిలోలు మామా?"

అరవై ఎనిమిది. రాత్రంతా కూర్చుని పాలిషింగ్ పెద్దాయన చిట్టాలాగే ఒక కాగితం రాశాడు. తిండి ఇంత, మందులు ఇంత, కూలర్ ఇంత, కరెంటు ఇంత, వాచ్‌మన్ భార్య చేసే వంట కష్టం ఇంత. ఆఖరి పద్దు చూసి నాకే ముచ్చటేసింది. అక్క ఇంట్లోని రెండు గదుల్లో దాన్ని చంపడం కంటే, అది మెచ్చుకున్న మనిషి దగ్గరే, అది మెచ్చుకున్న బండ మీదే ఉంచడం మంచిదని వాడి వాదన. ఆ కాగితాన్ని ఫొటో తీసి యజమానికి పంపాడు. రెండు రోజులు ఉలుకూ పలుకూ లేదు. మూడో రోజు మూడు వేలు కాస్తా ఆరు వేల అయిదు వందలయ్యాయి, ఒక పాత కూలర్ వచ్చింది. లెక్కకు ఇంకా తక్కువే. మళ్ళీ అడిగితే మొత్తానికే ఎగ్గొడతాడేమోనని వాచ్‌మన్ భయం. అది ఉత్త భయం కూడా కాదు.

గోమార్ల బిళ్ళ మాత్రం యజమాని పద్దులో లేదు. దాని ధర వెయ్యికి పైమాటే. మే నెల బిళ్ళ మావాడు కొన్నాడు. జూన్ నెలది పాలిషింగ్ పెద్దాయన పంపాడు. జూలై నా వంతట! ఈ వ్యాసానికి ఎడిటరుగారు పంపే పారితోషికం దానికి సరిగ్గా సరిపోతుంది. టీ డబ్బులు మిగలవు.