వేదాద్రి మెట్ల మీద విమానాలకు మార్కులు

మా వేదాద్రికి విమానం రాదు, రైలూ రాదు. చిల్లకల్లు దాకా హైవే, అక్కడినుంచి కృష్ణ ఒడ్డు వరకూ లోపలి రోడ్డు. అయినా ఏ విమానం మంచిదో తెలుసుకోవాలంటే కార్తీకమాసంలో మా ఘాట్ మెట్ల మీద ఓ గంట కూర్చుంటే చాలు. నదిలో మునిగి, యోగానంద నరసింహస్వామి దర్శనానికి వెళ్లే ముందు జుట్టు ఆరబెట్టుకుంటూ కబుర్లాడే ఆడవాళ్లలో చాలామందికి అమెరికాలోనో ఆస్ట్రేలియాలోనో కొడుకో కూతురో ఉంటారు. జగ్గయ్యపేట, నందిగామ చుట్టుపక్కల వాళ్లే అంతా. కూతుళ్ల పురుళ్లకీ, మనవల్ని చూసుకోవడానికీ వెళ్లొచ్చినవాళ్లు.

వాళ్లు చెప్పుకునే విమానానికీ, ప్రకటనలో మనకి చూపించే విమానానికీ పోలికే ఉండదు. ప్రకటనలో మంచంలా పరుచుకునే సీటు, నవ్వే అమ్మాయి, కింద ఏదో అవార్డు బొమ్మ. ఇక్కడేమో, “దిగేసరికి వీల్‌చైర్ తలుపు దగ్గరే ఉందా వదినా?”, “మధ్యలో మారేచోట రెండో గేటు దాకా ఎవరు తీసుకెళ్లారు?”, “మాట అర్థమయ్యే మనిషి ఒక్కరైనా కనిపించారా పిన్నీ?”

భోజనం సంగతీ అంతే. టికెట్టు తీసేటప్పుడు ‘హిందూ మీల్’ అని పెడితే శాకాహారం వస్తుందని మనవాళ్ల నమ్మకం. చాలా కంపెనీల్లో అందులో కోడో మేకో ఉండొచ్చు. మనకి కావలసింది ‘ఏషియన్ వెజిటేరియన్’. ఈ తేడా నాకు ఏ కంపెనీ వాళ్లూ చెప్పలేదు, మెట్ల మీద ఒక పెద్దావిడ చెప్పింది. ఆవిడ పద్నాలుగు గంటలు రెండు అరటిపళ్లతో గడిపి నేర్చుకున్న పాఠం అది.

అవార్డులు అబద్ధమని నేననను. వాటిని ఎంతవరకు నమ్మాలన్నదే సంగతి. 2005లో మొదలైన కింగ్‌ఫిషర్‌కి స్కైట్రాక్స్ వాళ్లు అయిదు నక్షత్రాలిచ్చారు. 2012 అక్టోబరులో అది ఎగరడం ఆగిపోయింది. అప్పటికే సిబ్బందికి నెలల తరబడి జీతాల్లేవు. ఇంకోవైపు ఎయిర్ డెక్కన్ చూడండి. 2003 సెప్టెంబరులో హైదరాబాద్ నుంచి మన విజయవాడకి వాళ్ల మొదటి విమానం. వెంకయ్యనాయుడు గారు కూడా అందులో ఉన్నారు. బేగంపేటలో బయల్దేరబోతూనే ఇంజన్లో మంటలొచ్చాయి. అందరూ క్షేమంగా దిగారు. అంత జరిగినా జనం ఆ కంపెనీ టికెట్లు కొనడం మానలేదు. తక్కువ ధర అన్నారు, తక్కువ ధరకే ఇచ్చారు. చెప్పింది చేసినవాడి మీద మనవాళ్లకి ఓర్పు ఎక్కువే.

మరి కంపెనీలు చూపించే లెక్కలు? మన దేశంలో తిరిగే విమానాల మీద డీజీసీఏ నెలనెలా అంకెలు విడుదల చేస్తుంది. చెప్పిన టైముకి పదిహేను నిమిషాలు అటూఇటూ అయినా ‘సకాలం’ కిందే లెక్క. తెల్లవారుజామున శంషాబాద్‌లో విమానం ఉంటే మావాళ్లు ముందురోజు మధ్యాహ్నం భోజనాలవగానే కారెక్కుతారు. రెండువందల కిలోమీటర్లు పోయేవాళ్లకి పదిహేను నిమిషాలో లెక్కా? ఇంకో అంకె, పదివేల మంది ప్రయాణికులకి ఎన్ని ఫిర్యాదులొచ్చాయన్నది. అది ఎప్పుడూ చాలా చిన్నదిగానే కనిపిస్తుంది. ఎందుకు కనిపించదు? మావాళ్లు ఫిర్యాదు రాయరు, మెట్ల మీద చెప్పుకుంటారు!

నాలుగేళ్ల కిందట మావారూ నేనూ డాలస్ నుంచి వస్తున్నాం. గల్ఫ్‌లో విమానం మారాలి. ఇద్దరికీ వీల్‌చైర్లు రాయించాడు మా అబ్బాయి. ఒకతను మమ్మల్ని ఓ మూలకి తోసుకెళ్లి, బోర్డింగ్ పాసులు తీసుకుని, ఇప్పుడే వస్తానని సైగ చేసి వెళ్లిపోయాడు. గంట, రెండు గంటలు, మూడు. మావారికి షుగర్. చేతులు వణకడం మొదలైంది, చెమటలు పట్టాయి. ఆయన్ని వదిలి నేను కదల్లేను. నేల తుడుస్తున్న ఓ కుర్రాడు మా మాటలు విని ఆగాడు. “అమ్మా, ఎంతసేపటి సంది గీడ కూసున్నరు?” కరీంనగర్ వైపు పిల్లాడు. తన డబ్బుతో బన్నూ, తీపి టీ తెచ్చిపెట్టి, కౌంటర్‌కి వెళ్లి ఎవర్నో లాక్కొచ్చాడు. గేటు మూసే ముందు చేరాం.

ఇంటికొచ్చిన మూడోరోజు కంపెనీ నుంచి మెయిలు. సీటు ఎలా ఉంది, సినిమాలు నచ్చాయా, పదికి ఎన్ని మార్కులిస్తారు అని. ఇరవై ప్రశ్నలున్నాయి, వీల్‌చైర్ మాట ఒక్కదాన్లోనూ లేదు. మా అబ్బాయి చేత ఫిర్యాదు రాయించాను. ‘మీ అభిప్రాయం మాకు అమూల్యం’ అని జవాబు. గేటు నంబరూ, కూర్చోబెట్టిన టైమూ, మావారి మందుల చీటీ జతచేసి మళ్లీ రాయించాను. ఈసారి మాత్రం మనిషి రాసిన జవాబొచ్చింది, జరిగింది తప్పేనని ఒప్పుకున్నారు.

ఇదేం చిన్న విషయం కాదండీ. 2024 ఫిబ్రవరిలో న్యూయార్క్ నుంచి ముంబైలో దిగిన ఒక వృద్ధ దంపతులకి ఒకే వీల్‌చైర్ దొరికింది. భార్యని కూర్చోబెట్టి, ఎనభై ఏళ్ల ఆయన పక్కనే నడిచాడు. ఇమిగ్రేషన్ దగ్గర కుప్పకూలి చనిపోయాడు. డీజీసీఏ ఎయిర్ ఇండియాకి 30 లక్షల జరిమానా వేసింది. ఆ వార్త చదివిన రోజు మావారు అన్నం సరిగా తినలేదు.

అందుకే ఇప్పుడు అడిగిన వాళ్లందరికీ ఒకటే చెబుతున్నా. టికెట్టు తీసేటప్పుడే వీల్‌చైర్ రాయించండి, రెండు విమానాలకీ ఉందో లేదో ప్రింటులో చూసుకోండి. ఏదైనా జరిగితే టైమూ, గేటు నంబరూ ఓ కాగితం మీద వేసుకోండి. ముందు కంపెనీకి రాయించండి. పలక్కపోతే కేంద్ర విమానయాన శాఖ వాళ్ల ‘ఎయిర్ సేవ’ ఉంది, అక్కడ పెట్టించండి. పిల్లలు “పోనీలేమ్మా, చేరారుగా” అంటారు. అననివ్వండి. పట్టుబట్టి రాయించండి. మీ తర్వాత అదే విమానం ఎక్కబోయేది నందిగామలోనో పేటలోనో ఉన్న మనలాంటి ముసలివాళ్లే.