శ్వాసగతి – హృదయగతి

ప్రాణమే ఇంద్రియాలన్నింటిలో జ్యేష్ఠమూ శ్రేష్ఠమూ అని ఛాందోగ్యోపనిషత్తు నిర్ణయించింది. వాక్కు, చక్షువు, శ్రోత్రం, మనస్సు ఒక్కొక్కటిగా శరీరాన్ని విడిచి వెళ్ళినా దేహి జీవించే ఉన్నాడు. ప్రాణం కదలబోయేసరికి మాత్రం తక్కినవన్నీ తల్లడిల్లి దానినే శరణు వేడాయి. ఈ ఆఖ్యాయికను విన్న సాధకునికి ఒక సందేహం సహజంగా కలుగుతుంది. అంతటి ప్రాణాన్ని వశపరచుకొన్న యోగి తన హృదయాన్ని సైతం నిలిపివేయగలడా?

ఈ ప్రశ్నకు గత శతాబ్దంలో శరీరధర్మశాస్త్రజ్ఞులు యంత్రసహాయంతో సమాధానం వెదికారు. 1935లో తెరేజ్ బ్రోస్ అనే ఫ్రెంచి హృద్రోగ వైద్యురాలు ఈసీజీ యంత్రాన్ని వెంటబెట్టుకొని భారతదేశానికి వచ్చి యోగులను పరీక్షించారు. ఒక యోగి హృదయాన్ని నిలుపబూనినప్పుడు యంత్రం గీచే రేఖ దాదాపు శూన్యానికి దిగినట్లు ఆమె నమోదు చేశారు. పిమ్మట అమెరికా విశ్వవిద్యాలయాలకు చెందిన వెంగర్, బాగ్చీ, ఢిల్లీలోని అఖిల భారత వైద్య విజ్ఞాన సంస్థకు చెందిన బి. కె. ఆనంద్ కలిసి నలుగురు యోగాభ్యాసకులను మరింత నిశితంగా పరిశీలించి, ఫలితాలను 1961లో ‘సర్క్యులేషన్’ అనే వైద్యపత్రికలో ప్రకటించారు.

ఆ నలుగురిలో ముగ్గురు గుండెనో నాడినో నిలుపగలమన్నవారు. వారు శ్వాసను బంధించి, కంఠద్వారాన్ని మూసి, ఉదర వక్షఃస్థలాల కండరాలను బలంగా బిగించారు. అలా బిగించినప్పుడు రొమ్ములోని పీడనం పెరిగి, సిరల ద్వారా హృదయానికి మరలి రావలసిన రక్తం తగ్గిపోతుంది. లోనికి వచ్చేది స్వల్పమైతే వెలుపలికి పోయేదీ స్వల్పమే. అందువలన మణికట్టు వద్ద నాడి చేతికి అందదు. స్టెతస్కోపులో హృదయధ్వని క్షీణిస్తుంది, ఒక్కొక్కప్పుడు వినిపించనే వినిపించదు. కాని ఈసీజీ రేఖ సాగుతూనే ఉంది. హృదయం ఆగలేదు. నాలుగవ అభ్యాసకుడు మాత్రం హృదయాన్ని మందగింపజేయగలనని మాత్రమే అన్నాడు. అతని హృదయగతి నిజంగానే గణనీయంగా తగ్గింది. అల్పంగా చెప్పుకొన్నవాని మాటే యంత్రం ముందు నిలిచింది.

ఈ ఫలితం కొందరు ఆస్తికులకు ఆశాభంగం కలిగించవచ్చు. అయితే సిద్ధులు సమాధికి విఘ్నాలని పతంజలి మహర్షి ఏనాడో హెచ్చరించాడు. సింహాన్ని, గజాన్ని మచ్చిక చేసినట్లు ప్రాణాన్ని శనైశ్శనైః వశపరచుకోవాలనీ, తొందరపడితే అది సాధకునికే ప్రాణాంతకమనీ హఠయోగ ప్రదీపిక బోధించింది. అరవై ఏళ్ళు దాటి, రక్తపోటుకు మందులు వాడుతూ, ‘ఇన్నేళ్ళ నియమాన్ని విడిస్తే వ్రతభంగం కాదా’ అన్న శంకతో ఊపిరి బిగబట్టి కూర్చొనే సాధకులు ఎందరో ఉన్నారు. అట్టి బిగింపులో రక్తపోటు పొంగి, కుంగి, మరల పొంగుతుంది. రోగగ్రస్తమైన హృదయానికి ఆ ఒడిదుడుకులు క్షేమకరం కావు. వారి విషయంలో హఠయోగ ప్రదీపిక హెచ్చరికా వైద్యుని మాటా ఒక్కటే.

అయితే ప్రాణాయామమే హృదయానికి అహితమా? కాదని మరొక పరిశోధనా పరంపర తెలుపుతున్నది. ఇటలీ దేశపు వైద్యశాస్త్రజ్ఞుడు లూచియానో బెర్నార్డీ, ఆయన సహచరులు హృదయవైఫల్యంతో బాధపడే రోగులను పరీక్షించి, నిమిషానికి ఆరు శ్వాసల చొప్పున నెమ్మదిగా ఊపిరి తీసినప్పుడు వారి రక్తంలో ప్రాణవాయువు పాలు మెరుగుపడినట్లు 1998లో ‘లాన్సెట్’ పత్రికలో ప్రకటించారు. 2001లో అదే బృందం 23 మంది ఆరోగ్యవంతుల చేత లాటిన్ భాషలో మరియమాత జపమాల ప్రార్థననూ, బౌద్ధుల ‘ఓం మణి పద్మే హుం’ మంత్రాన్నీ పఠింపజేసింది. రెండింటా శ్వాస నిమిషానికి సుమారు ఆరుకు దిగింది. రక్తపోటులోని హెచ్చుతగ్గులను గ్రహించి హృదయగతిని సరిదిద్దే నాడీవ్యవస్థ చురుకుదనం 9.5 నుండి 11.5కు పెరిగింది.

దీని కారణం శరీరంలోనే ఉన్నది. ఉచ్ఛ్వాసలో హృదయగతి కొంత హెచ్చుతుంది, నిశ్వాసలో కొంత తగ్గుతుంది; ఈ తగ్గింపు వేగస్ నాడి పని. రక్తపోటులో దాదాపు పది సెకన్లకు ఒకసారి వచ్చే సహజమైన తరంగం వేరొకటి ఉన్నది. నిమిషానికి ఆరు శ్వాసలంటే ఒక్కొక్క శ్వాసకు పది సెకన్లే. అప్పుడు శ్వాసతరంగమూ రక్తతరంగమూ ఏకలయలో కలిసి ఒకదానికొకటి బలాన్నిస్తాయి. అహోరాత్రంలో జీవుడు 21,600 మార్లు అప్రయత్నంగా హంసమంత్రాన్ని జపిస్తాడని యోగశాస్త్రాల లెక్క. అంటే నిమిషానికి పదిహేను శ్వాసలు. జపం చేసేవాడు ఆ పదిహేనును తెలియకుండానే ఆరుకు దించుతున్నాడన్నమాట.

ఇక్కడ భక్తుని మనస్సులో ఒక ఆక్షేపం తలెత్తుతుంది. పరమతస్థుల ప్రార్థనకూ ఇదే ఫలం కలిగితే మంత్రమహిమ ఏమైనట్లు? యంత్రం కొలిచినది శ్వాసనూ రక్తపోటునూ నాడీగతినీ మాత్రమే. దేహధర్మం సర్వులకూ సమానమైనప్పుడు ఫలం సమానంగా ఉండటంలో వింత లేదు. మంత్రార్థం, ఇష్టదేవతా భావన ఆ రేఖలలో లేవు. కనుక అవి నిరూపితమూ కాలేదు, ఖండితమూ కాలేదు. మంత్రమహిమను సైన్సు నిరూపించిందని చాటడం సత్యవ్రతానికి తగదు. దహరాకాశమని శ్రుతి పేర్కొన్న హృదయం వేరు, వైద్యుడు పరీక్షించే మాంసమయ హృదయం వేరు.

అయినా ఆ మాంసమయ హృదయం ఉపేక్షింపదగినది కాదు. సాధనకు శరీరమే ప్రథమ ఉపకరణం. హృద్రోగి అయిన సాధకుడు కుంభకాన్ని విడిచినంత మాత్రాన సాధనాభ్రష్టుడు కాడు. మందులు మానకుండా, వైద్యుని అనుమతితో, ఊపిరిని ఎక్కడా బిగించక, ఇష్టనామాన్ని దీర్ఘమైన నిశ్వాసతో మెల్లగా ఉచ్చరిస్తే చాలు. శ్వాస దీర్ఘమూ సూక్ష్మమూ కావాలన్న పతంజలి ఉపదేశం ఆ నామోచ్చారణలోనూ నెరవేరుతుంది.