రాజపాళయంలో మా మల్లి

మదురై నుంచి తెన్‌కాశి దారిలో శ్రీవిల్లిపుత్తూరు వస్తుంది. శ్రీకృష్ణదేవరాయలు 'ఆముక్తమాల్యద'లో చెప్పిన గోదాదేవి ఊరు అదే. అక్కడ పాలకోవా పొట్లం కొనుక్కుని మళ్ళీ బస్సెక్కితే, పొట్లం సగమయ్యేలోపే పడమటి కనుమల నీడలో రాజపాళయం కనిపిస్తుంది. 2017లో బ్రాంచి మేనేజరుగా నేను అలాగే దిగాను.

నూలు మిల్లులూ, ఆసుపత్రులకు బ్యాండేజి గుడ్డ నేసే మగ్గాలూ ఉన్న ఊరు. మొదటి వారంలోనే కౌంటరు దగ్గర తెలుగు వినిపించి తలెత్తి చూశాను. తరాల క్రితం ఆంధ్రదేశం నుంచి తరలివచ్చిన రాజుల ఊరిది. మద్రాసు రాష్ట్రానికి ముఖ్యమంత్రిగా, తర్వాత ఒరిస్సాకు గవర్నరుగా పనిచేసిన పి.ఎస్. కుమారస్వామిరాజాగారు ఇక్కడివారే. మాట తెలుగు, సంతకం తమిళం. మదురైలో పెరిగిన మా పిల్లల సంగతీ అంతే కనుక నాకు వింతనిపించలేదు.

మా ఖాతాదారులలో ఒక పెద్దాయన, రాజుగారు, ఒక ఆదివారం మమ్మల్ని భోజనానికి పిలిచారు. గుమ్మంలో తెల్లటి కుక్క నిలబడి ఉంది. గులాబిరంగు ముక్కు, బంగారు కళ్ళు, సన్నని నడుము. అరవలేదు, తోక ఊపలేదు, లెక్కలు తనిఖీ చేసే ఆడిటరులా చూసింది. ఇదే ఊరి పేరుతో పిలిచే వేటకుక్క. భుజం దగ్గర 65 నుంచి 75 సెంటీమీటర్ల ఎత్తు ఉంటుంది. వెనుక అడవిపందుల వేటకు వాడేవారట. 2005లో తపాలా శాఖ దీని బొమ్మతో బిళ్ళ కూడా వేసింది.

ఆ కుక్కకు పుట్టిన పిల్లల్లో ఒకటి మా అమ్మాయి ఒళ్ళోంచి దిగనని మొరాయించింది. "పూర్తి తెలుపున్నదే ఇవ్వండి" అని అడిగి మరీ తెచ్చుకున్నాను. పేరు మల్లి.

పదిహేను రోజులకు మా ఆవిడ చేతిలోంచి స్టీలు పళ్ళెం జారిపడింది. వీధి చివరివాళ్ళు ఉలిక్కిపడి ఉంటారు. పక్కనే పడుకున్న మల్లి కదలలేదు. పశువుల డాక్టరుగారు వెనకనుంచి చప్పట్లు కొట్టి చూసి, పుట్టు చెవుడన్నారు. ఒంటికి రంగునిచ్చే కణాలు లోపలి చెవిలోనూ ఉండాలట. అవి లేకపోతే పుట్టిన కొన్ని వారాలకే వినికిడి పోతుందట. తెల్లకుక్కల్లో ఇది ఎక్కువట.

రాజుగారు బాధపడి, "మార్చుకోండి సారూ, వేరే పిల్లనిస్తాను" అన్నారు. మరి దీన్నేం చేస్తారని అడిగింది మా అమ్మాయి. ఆయన జవాబు చెప్పలేదు. మల్లి మాతోనే తిరిగొచ్చింది.

నిజం చెప్పాలంటే నేను దాన్ని మొండి బాకీ కిందే జమ కట్టాను. అది ఎదిగిన కొద్దీ ఇల్లు చాల్లేదు. వంటింటి గట్టు మీది పెరుగుగిన్నె దాకా మూతి అందేది. ఒక సాయంత్రం చెరువు గట్టు మీద, ఎవరూ లేరు కదా అని తాడు విప్పాను. దూరంగా ఏదో ముంగిస కదిలింది. వాసనతో కాక చూపుతో వేటాడే జాతి ఇది. కంటపడిందంటే పరుగే. గట్టు దిగి రోడ్డెక్కేసింది. నేను "మల్లీ! మల్లీ!" అని అరుస్తున్నాను. ఎవరికి వినపడాలని? లారీవాడు హారన్ కొట్టాడు. అదీ వినపడదు. చివరికి అతను బ్రేకు వేశాడు కనుక బతికింది. దిగి నన్ను తమిళంలో తిట్టిన తిట్లు ఒక్కటీ అన్యాయమైనవి కావు.

ఆ రాత్రి నిద్ర పట్టలేదు. తెల్లగా ఉండాలని అడిగింది నేను. నాలాంటివాళ్ళు అడుగుతారనే కదా తెల్లవాటినే పెంచుతున్నారు!

మర్నాటి నుంచి ఇంటిల్లిపాదీ దాని భాష నేర్చుకున్నాం. అరచెయ్యి చూపిస్తే ఆగాలి, గుండె మీద చెయ్యి వేసుకుంటే రావాలి. నిద్ర లేపాలంటే నేలను కాలితో తడితే చాలు. చీకట్లో దీపం రెండుసార్లు ఆర్పి వెలిగిస్తే వస్తుంది. గోడ కట్టిన చోట తప్ప తాడు విప్పకూడదు. రోజుకు ఒకసారి ఒళ్ళు తీరా పరుగెత్తించాలి. అంతే, మిగతా పూటంతా మంచం కింద జమీందారులా పడుకుంటుంది.

2020లో మదురైకి బదిలీ అయ్యాను. మల్లి మా సొంతింటి పెరట్లో స్థిరపడింది. కిందటేడు దాన్ని కారులో ఎక్కించుకుని రాజపాళయం వెళ్ళాం. రాజుగారు నన్ను పలకరించకముందే గుండె మీద చెయ్యి వేసుకున్నారు. మేం నేర్పిన గుర్తు ఆయనకు జ్ఞాపకమే. మల్లి మెల్లగా వెళ్ళి ఆయన మోకాలికి తల ఆనించింది.

వాకిట్లో వీపు మీద గోధుమరంగు మచ్చలున్న పిల్ల ఒకటి ఆడుకుంటోంది. "దీన్నెవరూ కొనలేదు సారూ, నేనే ఉంచుకున్నాను" అన్నారాయన. తర్వాత నవ్వుతూ, "పిలిస్తే పలుకుతుంది" అన్నారు.

మీరెప్పుడైనా ఆ ఊరికి కుక్కపిల్ల కోసం వెళితే, రంగు చూసే ముందు దాని వెనక నిలబడి ఒక్కసారి చప్పట్లు కొట్టండి. అది వెనక్కి తిరగకపోయినా సరే, మీకు ఓపికుంటే ఇంటికి తెచ్చుకోండి.