చంద్రుడు తెర వేసిన వేళ

1054వ సంవత్సరం జూలై నెలలో చైనా జ్యోతిష్కులు వృషభరాశి దాపున ఒక కొత్త చుక్కను చూశారు. దానికి ‘అతిథి నక్షత్రం’ అని పేరు పెట్టారు. అది 23 రోజులపాటు పట్టపగలు సైతం కనిపించిందనీ, దాదాపు రెండేళ్ళకు గాని రాత్రి ఆకాశం నుంచి అదృశ్యం కాలేదనీ వ్రాసి ఉంచారు. వారు అతిథి రాక అనుకొన్నది నిజానికి ఒక మహానక్షత్రపు మరణం. ఆ విస్ఫోటనంలో చెల్లాచెదరైన వాయువులే నేడు క్రాబ్ నీహారికగా, మనకు సుమారు 6,500 కాంతి సంవత్సరాల దూరాన కనిపిస్తున్నాయి.

ఇటువంటి మరణంలో నక్షత్రం సర్వమూ నశించదనీ, దాని గర్భం కుంచించుకొనిపోయి న్యూట్రాన్ల ముద్దగా మిగులుతుందనీ 1934లో వాల్టర్ బాడే, ఫ్రిట్జ్ జ్విక్కీ ప్రతిపాదించారు. సూర్యుని మించిన ద్రవ్యరాశి సుమారు 20 కిలోమీటర్ల గోళంలో ఇమిడిపోవడమంటే నమ్మడం ఎవరికైనా కష్టమే. మూడు దశాబ్దాలపాటు అది ఊహగానే ఉండిపోయింది.

1963లో ఈ నీహారిక ఎక్స్ కిరణాలను వెదజల్లుతున్నట్లు తెలిసింది. ఆ కిరణాలు న్యూట్రాన్ తారవేనా? తేల్చుకొనే అవకాశాన్ని చంద్రుడే కల్పించాడు. 1964 జూలై 7న ఆయన నీహారికకు అడ్డుగా సాగిపోయాడు. అమెరికా నౌకాదళ పరిశోధనాలయానికి చెందిన హెర్బర్ట్ ఫ్రీడ్‌మన్ బృందం సరిగ్గా ఆ వేళకు రాకెట్టును ప్రయోగించింది. వాతావరణం ఎక్స్ కిరణాలను నేలకు చేరనివ్వదు. దానిని దాటి రాకెట్టు నిలిచేది కొద్ది నిమిషాలే. కిరణాలు చిన్న తార నుంచి వస్తున్నట్లయితే, చంద్రుని అంచు దానిని కప్పగానే దీపం ఆర్పినట్లు అవి ఆగిపోవాలి. అలా జరగలేదు. అవి మెల్లమెల్లగా తగ్గుతూ పోయాయి. వాటి మూలం దాదాపు ఒక కాంతి సంవత్సరం మేర పరచుకొన్న వాయుమేఘమని తేలింది. తార జాడ మాత్రం దొరకలేదు.

1968లో రేడియో దూరదర్శినులు అదే నీహారిక నడుమ, సెకనుకు 30 సార్లు స్పందించే పల్సార్‌ను పట్టి చూపాయి. అది తన చుట్టూ తాను తిరుగుతున్న న్యూట్రాన్ తారే. 1969 మార్చిలో ఫ్రీడ్‌మన్ బృందం మరో రాకెట్టు పంపి, ఆ స్పందనలను ఎక్స్ కిరణాలలోనూ గుర్తించింది. మొత్తం కిరణాలలో వాటి వాటా పదో వంతుకు లోపే. తక్కినదంతా మేఘపు వెలుగు. మరి ఆ మేఘానికి వెలుగు ఎక్కడిది? అదీ తార ఇచ్చినదే. తిరుగుతూ తిరుగుతూ తార తన వేగాన్ని కొద్దికొద్దిగా కోల్పోతున్నది. ఆ శక్తే ఎలక్ట్రాన్లను మహావేగంతో తరిమి నీహారికను వెలిగిస్తున్నది. తన కాంతిలో తానే మరుగుపడిన తార అది.

1999లో అంతరిక్షానికి చేరి, సుబ్రహ్మణ్యన్ చంద్రశేఖర్ పేరును ధరించిన ‘చంద్రా’ దూరదర్శిని ఆ తార చుట్టూ వలయాలనూ, ఇరుపక్కలా చిమ్ముతున్న ధారలనూ చిత్రించింది. 2015 సెప్టెంబరులో శ్రీహరికోట నుంచి ఎగసిన మన ఆస్ట్రోశాట్ దాని ఎక్స్ కిరణాల ధ్రువణాన్ని కొలిచింది.

1964 నాటి కొలతలో దోషం లేదు. కిరణాలు మేఘం నుంచి వస్తున్నాయని మాత్రమే అది చెప్పింది. తార లేదని చెప్పలేదు. కనిపించకపోవడం వేరు, లేకపోవడం వేరు. ఆ భేదాన్ని మరువక మళ్ళీ వెదికినందువల్లనే, అయిదేళ్ళనాడు రిక్తహస్తాలతో మిగిలిన ఆ బృందానికే ఎక్స్ కిరణాలలో తార నాడి చిక్కింది.